గాజులు లేని చేతులు

మా నాన్న ఉప్పుమడుల దగ్గర మేస్త్రీ. పొద్దుగూకి ఇంటికొస్తుంటే సారా వాసన ముందొచ్చేది, ఆయన వెనకొచ్చేవాడు. పిలిస్తే ఆలస్యంగా పలికిందనో, కూర చప్పగా ఉందనో అమ్మను కొట్టేవాడు. అమ్మ నోరెత్తే మనిషి కాదు. చేతుల నిండా ఉన్న మట్టిగాజులు మాత్రం గలగలమని, పటపటమని ఊరుకునేవి కావు. ఆ చప్పుడు వినగానే పక్కింటి పెద్దమ్మ పిడక ముక్క పట్టుకుని మా గడపలో నిలబడేది.

"ఏందబ్బయా, పొయ్యిలో నిప్పుందా?" అనేది.

పెద్దమ్మ ఎదుట చెయ్యెత్తడానికి సిగ్గుపడి నాన్న లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అట్లా ఎన్నిసార్లు అమ్మ బతికి బయటపడిందో.

నాకు ఊహ తెలిశాక మా వైపు ఒక కొత్త క్రైస్తవ సహవాసం మొదలైంది. పాస్టరు అయ్యగారి వాక్యం విని నాన్న భోరున ఏడ్చాడు. సారా మానేశాడు, బీడీలు మానేశాడు. ఉప్పుకాలువలో బాప్తిస్మానికి ఒప్పుకున్నాడు. భర్త మునిగితే భార్యా మునగాలి కదా. ఆ సహవాసంలో ఆడవాళ్లు బొట్టు, పూలు, నగలు వదిలితే తప్ప నీళ్లలోకి దింపేవారు కాదు. గట్టుమీద అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, మా అమ్మ గాజులు ఒక్కొక్కటే లాగింది. రానివాటిని రాయితో కొట్టింది. చేతులు బోసిపోయాయి. అందరూ హల్లెలూయా అన్నారు.

నెల తిరగలేదు, మళ్లీ మొదలు. కుటుంబ ప్రార్థన ముగించి, బైబిలు గూట్లో పెట్టి, తలుపు గడియ వేసి మరీ కొట్టేవాడు. తాగి కొట్టినన్నాళ్లూ తాగుబోతన్నారు. ప్రార్థన చేసి కొట్టేవాణ్ణి ఏమనాలో మా వీధిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరికీ వినబడలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. తను ఏడిస్తే సంఘానికి చెడ్డపేరట. పెద్దమ్మ నిప్పుకి రావడం మానేసింది. పైగా నా తల నిమిరి, "మీ నాయన బంగారమైపోయినాడే పాపా" అనేది.

ఆదివారం సాక్ష్యాల వేళ నాన్న లేచి, తోడేలు లాంటి తనను ప్రభువు గొర్రెపిల్లను చేశాడని చెప్పేవాడు. జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. కొన్నాళ్లకు ఆయన్ని సంఘపెద్దను చేశారు. ప్రభువు బల్ల నాడు రొట్టె పళ్లెం ఆ చేత్తోనే అందించేవాడు.

ఒక వానాకాలం కొట్టిన దెబ్బకు అమ్మకు ఎడమ చెవి పోయింది. ఆ వారమే గాజులమ్మిని పిలిచి రెండు చేతులకూ మోచేతి దాకా గాజులు వేయించుకుంది. వాటితోనే ఆదివారం గుడికి వచ్చింది.

ఆరాధన ఆపి అయ్యగారు అడిగాడు. "ఏమ్మా, మళ్లీ లోకంలోకి పోయినావా?"

"ల్యా అయ్యగారూ. నన్ను కొడితే పక్కింటికి వినపడాల. అందుకే ఏసుకున్నా."

నాన్న చాప కేసి చూస్తూ కూర్చున్నాడు. అయ్యగారు బైబిలు తెరిచి, ఆడవాళ్ల అలంకారం గురించి చదివాడు. అమ్మకు ప్రభువు బల్ల రొట్టె ఆపేశారు. నాన్నను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం నాన్న గడియ వేసి చెయ్యెత్తాడు. గాజులు గొల్లుమన్నాయి. తలుపు అవతల పెద్దమ్మ గొంతు, నిప్పుందా అని. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అమ్మను కొట్టలేదు. సంఘం దాన్నీ మారుమనసు లెక్కలోనే వేసుకుంది. నాకు తెలుసు, అది భయం.

బతికినన్నాళ్లూ అమ్మ గుడిలో వాకిలి పక్కన కూర్చుంది. నాన్న చేతిలోని పళ్లెం ఆమె ముందు ఆగకుండా వెళ్లిపోయేది. డెబ్బయ్యేళ్లు దగ్గరపడ్డాక జ్వరమొచ్చి చనిపోయింది. శవానికి నీళ్లు పోస్తూ ఆడవాళ్లు గాజుల దగ్గర ఆగిపోయారు. అవి ఉంటే అయ్యగారు సమాధి ప్రార్థన చెయ్యడు. అందరూ నాన్న వైపు చూశారు. నేనూ చూశాను. ఉండనీండి అంటే చాలు, అన్నీ మర్చిపోదామనుకున్నాను.

"తీసెయ్యండి," అన్నాడు. "రాకపోతే రాయి తీసుకోండి."

గాజులు పగులుతున్నాయి. అప్పటికి పెద్దమ్మకు చూపు పోయింది, మతీ స్థిమితంగా లేదు. గోడ పట్టుకుని తడుముకుంటూ మా గడప దాకా వచ్చింది. చేతిలో పిడక ముక్క ఉంది.

"ఏందబ్బయా, పొయ్యిలో నిప్పుందా?"

నాన్న ఎప్పటిలాగే లేచి బయటికి వెళ్లిపోయాడు.