కొమురెల్లి కత్తెర తిరిగిన ఇళ్లు

"గీ గడ్డ చూసినవా బిడ్డా? మనిషికైతే ఆపరేషన్ చేస్తరు. దీనికి మందే లేదంట."

కొమురెల్లి పీకిన గులాబీ మొక్కను తలకిందులుగా పట్టుకున్నాడు. వేరు మొదట్లో అల్లం కొమ్ములాంటి కణితి. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ ముందు ఆయన పెంచిన మడి సగం బోసిపోయింది. హాస్టల్ ఆఫీసులో పనిచేసే వనజ టిఫిన్ డబ్బా మూత పెట్టి గట్టు మీద కూర్చుంది. మాణికేశ్వర్ నగర్‌లో ఇద్దరిదీ ఒకటే గల్లీ. ముసలాయన నోరు విప్పినప్పుడు మధ్యలో లేవకూడదని ఆమెకు తెలుసు.

"యాడికెళ్ళి వచ్చింది కాకా ఈ రోగం?"

"ఇమానంల వచ్చింది. సూట్‌కేసుల."

పొద్దున క్యాంపస్ మడులు, సాయంత్రం తార్నాక ఇళ్ల తోటలు, అదీ కొమురెల్లి బతుకు. ఆ ఇళ్లలో సోమయాజులు సారుది ఒకటి. ఆయన విదేశం పోయి వస్తూ గులాబీ మొక్కలు తెచ్చాడు. ఎయిర్‌పోర్టులో చూపిస్తే తనిఖీకి పట్టుకుంటారని మేజోళ్లలో చుట్టి బట్టల మధ్య దాచాడు. "మట్టంతా కడిగేశానోయ్, ఇంకేం పురుగొస్తుంది?" అన్నాడు. పూసినప్పుడు చూడాలి, ఒక్కో పువ్వు చాయ్ సాసరంత!

దసరాకు కొమురెల్లి కత్తెరకు పూజ చేసి బొట్టు పెడతాడు. ఆ తర్వాతే గులాబీల కత్తిరింపు మొదలు. మొదటి కోత మంచి చెట్టు మీద పడితే ఏడాదంతా చెయ్యి చల్లగా ఉంటుందని నమ్మకం.

"ఈసారి బోణీ ఆ ఫారిన్ చెట్టుకు చేసిన. అదే కత్తెరతోని అందరిండ్లు తిరిగిన, గీ మడి కోసిన. తుడిస్తే బొట్టు పోతదని తుడువకపోతి."

వనజ వంగి ఆయన చేతిలోని మొక్క మొదట్లో ఉన్న గడ్డను చూసింది.

చలి పోయేసరికి చెట్లు గిడసబారాయి. యూనివర్సిటీలో మొక్కల తెగుళ్లు చూసే మేడం వచ్చి, రోగం ఆ తెచ్చిన మొక్కలదేనని, కత్తెర వెంట ఊరేగిందని తేల్చింది. పీకి కాల్చమంది. ఈ మట్టిలో ఏళ్ల తరబడి గులాబీ పెట్టొద్దంది.

"మరి సారేమన్నడు?"

"నీ పాడు కత్తెరే నా చెట్లను చంపిందన్నడు." కొమురెల్లి నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "తార్నాక గల్లీలల్ల నన్ను జూస్తే గేట్లు పెట్టుకుంటున్నరు. ఎవల్ని తిట్టాలె బిడ్డా? కోసిన చెయ్యి నాదేనాయె."

చేతిలోని మొక్కను కుప్ప మీదికి విసిరాడు.

"ఆ తార్నాకలనే ఉండే విజయకుమారి టీచరమ్మ చెట్టును గూడ కోసిన. ఏరు మొదట్ల గడ్డ లేశింది. పైన మాత్రం ఇంకా పూస్తనే ఉన్నది. ఆమె కొమ్మలు కోసి పాల ప్యాకెట్లల్ల నాటింది, ఆదివారం చర్చిల అందరికి పంచుతదంట. అంబర్‌పేట దనుక పోతయి."

"చెప్పలేదా?"

"చెప్పిన. 'నిండుగా పూసే చెట్టుకి రోగమంటావేంటయ్యా? కొత్త మొక్కలు అమ్ముకుందామనా?' అన్నది." ఆయన మడిలోంచి ఇంకో మొక్క పీకాడు. "గీడ పీకుడు నాతోనైతది. ఊరంత యాడ పీకుత?"

వనజ చెయ్యి పట్టుకుని లేపాడు.

"నువ్వు సదువుకున్న పిల్లవు, టీచరమ్మ నీ మాట ఇంటదేమో. పోయి ఆ ప్యాకెట్లు ఎవ్వలికీ ఇయ్యద్దని చెప్పు. కాళ్లు మొక్కైనా సరే ఆపు. కొమురెల్లి పంపిండని మాత్రం అనకు బిడ్డా."