నిప్పుకి ఆగే పెట్టె

అన్న రఘురామ పోయాక రామలింగ రాజాకి లోకం ఒక గోడ అవతలికి జరిగినట్టయింది. కాఫీ తాగేవాడు, రుచి తెలిసేది కాదు. రాజపాళయం వీధుల్లో టౌన్ బస్సుల హారన్లు, మిల్లు సైరన్లు, పొద్దున్నే పూలమ్మే ఆమె పిలుపు, అన్నీ నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుండేవి. సాయంత్రం కాగానే స్కూటర్ తీసుకుని ఊరికి పడమట, కొండల కింద ఉన్న మామిడితోపుకి వెళ్ళేవాడు. అన్న కూర్చునే బండమీద కూర్చునేవాడు. ఒళ్ళో తుపాకి ఉండేది.

ఆ తుపాకి తండ్రినాటిది, రెండు గొట్టాలది. కొండ దిగి వచ్చే అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికని లైసెన్సు. దాన్ని పేల్చడం అన్న పని, తుడవడం తమ్ముడి పని. రఘురామ పందిమీద కన్నా ఆకాశంమీదే ఎక్కువ పేల్చాడు. ఆ చప్పుడుకి చిలకలన్నీ ఒక్కసారి లేచి, పచ్చటి దుప్పటి దులిపినట్టు చెట్లమీద తిరిగి పరుచుకునేవి. రామలింగ మాత్రం చప్పుడు అయిపోయాక మిగిలే వాసనని ఇష్టపడేవాడు. నూనెగుడ్డతో గొట్టాలు తుడుస్తూ, చెక్కమీద గీతల్ని వేలితో దిద్దుతూ, మధ్యాహ్నాలు గడిపేసేవాడు. అన్న తర్వాత లైసెన్సు అతని పేరుమీదికి వచ్చింది. పేల్చేవాడు లేడు, తుడిచేవాడు మిగిలాడు.

తుపాకిని పడగ్గదిలో పీరోలో, బట్టలు పెట్టే ఇనప బీరువాలో, పంకజం పట్టుచీరల పక్కన నిలబెట్టేవాళ్ళు. దానికి వేరే పెట్టె కావాలన్న మాట మొదట ఎత్తింది కన్నన్. పంకజం తమ్ముడు. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డు ఉంది అతనికి.

"బావా, మా పక్క షెడ్డు కాలినప్పుడు నువ్వూ వచ్చినావు గదా. ఆ పీరో చూసినావా, అప్పడం మాదిరి వంగిపోయింది. నీ పీరో దానికన్నా పలచన. రేపు ఏదైనా అయితే, మీ నాయన తుపాకి ఇనప పుల్ల అయిపోతుంది."

"నిప్పు ఎందుకొస్తుంది రా మా ఇంటికి? నీ మాదిరి దూది మధ్యలో పండుకుంటున్నామా?"

"ఇన్వర్టర్ ఉన్నది. దీపం ఉన్నది. మా అక్క వంట ఉన్నది."

"నా వంట జోలికి వస్తే నీకు రాత్రి ఇడ్లీ లేదు," అంది పంకజం లోపల్నుంచి.

కూతురు అభిరామి కూడా అదే మాట. ఆమె కాపురం అదే ఊళ్ళో, కాలేజీలో పాఠాలు చెబుతుంది. "లైసెన్సు రెన్యువల్‌కి పోతే తుపాకి ఎక్కడ పెట్టినారని అడుగుతారు నాయనా. పట్టుచీరల పక్కన అని చెప్తారా?"

అలా ఒక ఆదివారం నలుగురూ తెన్‌కాసి రోడ్డులో ఇనప పెట్టెలు అమ్మే మాధవన్ కడకి వెళ్ళారు.

ఆ రోజు రామలింగకి ఏమైందో అతనికే తెలియదు. కడలోకి అడుగుపెట్టగానే, బూడిదరంగు పెట్టెలు వరసగా నిలబడి ఉండటం చూడగానే, ఎక్కడో మూసుకున్న కిటికీ తెరుచుకుంది. ఒక్కో తలుపుమీద వేలి మెటికలతో కొట్టి చెవి ఆనించాడు. కొన్ని డొల్లగా మోగాయి. ఒకటి మాత్రం, తడిమట్టి మీద కొట్టినట్టు, చప్పుడుని తనలోకి మింగేసింది.

"ఇది?"

"అది నిప్పుకి ఆగేది అయ్యా," అన్నాడు మాధవన్. "రెండు రేకులు, మధ్యలో నిప్పు తట్టుకునే పలక. తలుపు అంచున ఈ పట్టీ చూడండి. వేడి తగిలితే ఇది ఉబ్బి సందు మూసేస్తుంది, పొగ కూడా లోపలికి పోదు. మిగతావి దొంగకి ఆగుతాయి, నిప్పుకి ఆగవు."

"తుపాకి నిలువుగా పడుతుందా? విప్పి పెట్టేది నాకిష్టం లేదు."

"నిలబడుతుంది. తూటాలకి పైన వేరే అర, వేరే తాళం. రెండూ ఒకచోట పెట్టొద్దు."

"తేమ? ఇట్ల బిగించి మూస్తే గొట్టం తుప్పు పట్టదా?"

మాధవన్ ముఖం వెలిగింది. "ఆ పలక కొంచెం తేమ పట్టేదే అయ్యా. లోపల తేమ పీల్చే పొట్లాలు వేయాలి, మార్చుతూ ఉండాలి. ఎవరూ అడగరు ఈ మాట."

"మా బావ తుపాకికి పౌడరు కూడా వేస్తాడు," అన్నాడు కన్నన్. "స్నానం ఒక్కటే బాకీ."

అందరూ నవ్వారు. రామలింగ కూడా నవ్వాడు. ఏడాది తర్వాత తన నవ్వు తనకి వినపడింది. పెట్టె రొంబ బరువు, మేడమీద వద్దు, కింద మూలగదిలో నేలకి లోపల్నుంచే బోల్టులు బిగించాలి అని మాధవన్ చెబుతుంటే అన్నిటికీ తల ఊపాడు. తాళం దగ్గరే ఆగాడు. అతనికి తాళంచెవి కావాలి, మొలతాడుకి కట్టుకోవడానికి.

"చెవి ఎవరైనా తీయొచ్చు నాయనా," అంది అభిరామి. "వేలిముద్రది తీసుకుందాం. మీ వేలు ఎవరు దొంగిలిస్తారు?"

ఆ మాట అతనికి నచ్చింది. తన వేలే తాళంచెవి. పిల్ల ఎంత ముందుచూపుతో ఆలోచించింది అనుకున్నాడు.

ఆడి మాసంలో పెట్టె ఇంటికి వచ్చింది. మాధవనే వచ్చి బిగించాడు. రామలింగ బొటనవేలు నొక్కితే పెట్టె కీచుమంది, చిన్న పచ్చదీపం వెలిగింది. తుపాకిని తన చేతులతో లోపల నిలబెట్టాడు. పూజగదిలో కర్పూరం అయిపోయిందని పంకజం అతన్ని వీధిచివర అంగడికి పంపింది. తిరిగి వచ్చేసరికి తలుపు మూసి ఉంది, మాధవన్ సామాను సర్దుకుంటున్నాడు.

కొన్నాళ్ళకి తుపాకి తుడుద్దామని వేలు పెట్టాడు. ఎర్రదీపం. మళ్ళీ పెట్టాడు. ఎర్రదీపం. అభిరామికి ఫోన్ చేస్తే, మాధవన్‌ని పంపిస్తానంది. అప్పుడు రామలింగే ఆమెకి సమాధానం వెతికి ఇచ్చాడు.

"మామిడి సొన అమ్మా. చిన్నప్పట్నించి కాయ కోసిన చెయ్యి. సొన కాల్చి కాల్చి వేళ్ళు నున్నగా అయిపోయినాయి. ఆధార్ తీసేటప్పుడు కూడా మిషను నన్ను మనిషి కాదన్నది, గుర్తుందా?"

"ఆ... అదే అయ్యుంటుంది నాయనా," అంది అవతల అభిరామి. "తొందర లేదు గదా, చూద్దాం."

తొందర లేదు. తోపులో కాపు అయిపోయింది. అతను తన బొటనవేలిని వెలుగులో తిప్పి చూసుకుని, ఇన్నేళ్ళ తోట ఇక్కడ రాసిపెట్టుకుంది అనుకున్నాడు. కోపం రాలేదు. కొంచెం గర్వం కూడా వేసింది.

ఆయుధ పూజ వచ్చింది. ఆ ఇంటి ఆచారం ప్రకారం ఆ రోజు ఇంటిపెద్ద తుపాకిని తన చేతులతో తెచ్చి పీటమీద పెట్టాలి. పక్కన కొమ్మలు నరికే కత్తి, మోటారు స్పానర్, కన్నన్ షెడ్డునుంచి తెచ్చిన మగ్గం నాడె. ఆడవాళ్ళు ముగ్గు వేస్తారు, గంధం తీస్తారు. ఆయుధాన్ని మాత్రం ముట్టుకోరు. అత్తగారి కాలంలో కూడా ముట్టుకోలేదు.

మూలగది ముందు చుట్టాలు నిలబడ్డారు. రామలింగ వేలు పెట్టాడు. ఎర్రదీపం. పంచెకి తుడుచుకుని పెట్టాడు. తడి చేసి పెట్టాడు. ఎడమచేతి వేలు పెట్టాడు.

"నల్ల నేరం, మంచి గడియ దాటిపోతుంది," అంది పక్కింటి పాప్పమ్మాళ్. ఎనభై దాటిన ఆవిడ, ఆ వీధిలో అందరికీ అవ్వ. "ఏం రామలింగా, ఇంట్లోకి రానీయని అల్లుడి మాదిరి నిలబడినావు?"

"సొన అవ్వా, వేళ్ళు అరిగిపోయినాయి," అన్నాడు. చెమట పడుతోంది. కన్నన్ నేలని చూస్తున్నాడు. అభిరామి గోడని చూస్తోంది. రాహుకాలం దగ్గరకి వస్తోందని ఎవరో అన్నారు.

అప్పుడు పంకజం వచ్చింది. చేతికి గంధం ఉంది. కొంగుతో బొటనవేలు తుడుచుకుని, ఎవరివంకా చూడకుండా, పెట్టెమీద పెట్టింది.

పచ్చదీపం. తలుపు తెరుచుకుంది.

అవ్వే నవ్వింది ముందు. "ఓహో! తుపాకి పంకజానిదా? మాకు తెలియదే పా ఇన్నాళ్ళూ!"

అందరూ నవ్వారు. రామలింగ కూడా నవ్వాడు. నవ్వు పెదాలకి అంటుకుని, తీయడానికి రానట్టు ఉండిపోయింది. తుపాకి తెచ్చి పీటమీద పెట్టాడు. బొట్టు పెట్టాడు. హారతి పళ్ళెం తిప్పుతుంటే మంట అటూ ఇటూ ఊగింది. దాని అవతల తనవాళ్ళ ముఖాలు, నీళ్ళలో నీడల్లా, కుదురుగా నిలవలేదు.

మర్నాడు ఉదయం మాధవన్ కడకి వెళ్ళాడు.

"మాధవా, నా వేలు చదవడం లేదు. అరిగిపోయింది. చెవి ఉండే తాళం వేసి ఇయ్యి."

మాధవన్ తెల్లబోయాడు. "మీ వేలు అరిగిందా? ఆ రోజు ఒక్క తూరికే చదివింది గదయ్యా."

"తర్వాత పోయింది."

"పోలేదు. తీసేసినాను." చెప్పేశాక అతనికి అర్థమైంది, ఈయనకి తెలియదని. గొంతు తగ్గించాడు. "మీరు అంగడికి పోయినారు. మీ పాప చెప్పింది, నాయన వేలు వద్దు, అమ్మది ఉండనీ అని. మీకు తెలుసు అనుకున్నాను అయ్యా. ఇంటిమాట గదా, నేను అడగలేదు."

"కన్నన్ ఉన్నాడా అక్కడ?"

"ఉన్నారు. వేలు పని చేయకపోతే తెరిచే అర్జెంటు చెవి ఆయనే తీసుకున్నారు."

రామలింగ అక్కడున్న స్టూలుమీద కూర్చున్నాడు. ఎదురుగా పెట్టెలు నిలబడి ఉన్నాయి, ఆ ఆదివారం లాగే. తను చెవి ఆనించిన తలుపు ఒకటి. తను నవ్విన చోటు ఒకటి. నవ్వు తెప్పించిన ముగ్గురికీ అప్పటికే తెలుసు.

ఇంటికి వచ్చేసరికి పంకజం వంటింట్లో చింతపండు పిసుకుతోంది.

"నా వేలు బాగానే ఉన్నదంట," అన్నాడు.

ఆమె చేతులు గిన్నెలో ఆగిపోయాయి. "కూర్చోండి," అంది.

"నిలబడే వింటాను. చెప్పు."

"మీరు తోపులో కూర్చునేది కన్నన్ చూసినాడు. తుపాకి ఒళ్ళో పెట్టుకొని, కన్ను ఆర్పకుండా. బావా అని పిలిస్తే పలకలేదంట. అది విన్ననాటి నించి మీ స్కూటర్ సత్తం వినిపించేదాకా నాకు గొంతులో నీళ్ళు దిగలేదు."

"నన్ను నేను కాల్చుకుంటాననా?"

ఆమె చేతులు గిన్నెలోంచి తీసి కొంగుకి తుడుచుకుంది.

"ఏడాది మొత్తం దాంట్లో తూటా వేయలేదు పంకజం. అన్న లేని తోపుకి ఒట్టి చేతుల్తో పోలేక దాన్ని తీసుకొని పోయినాను. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పుదును గదా."

"అడిగితే లేదంటారు. ఎవరైనా ఉందంటారా?"

గిన్నెలో చింతపండు నీళ్ళు తేటపడుతున్నాయి.

"నిప్పు, నిప్పు అన్నారు," అన్నాడు చివరికి. "ముగ్గురూ కలిసి నన్ను కడకి తీసుకొని పోయినారు. నేను చిన్నపిల్లోడి మాదిరి తలుపులు తట్టుకుంటూ తిరిగినాను."

"ఆ రోజు ఇంటికొచ్చి నేను ఏడ్చినాను. ఏడాది తర్వాత మీ మొహంలో వెలుతురు చూసినాను."

"చూసీ నా వేలు తీసేసినారు."

"చూసీ తీసేసినాము." ఆమె ఇప్పుడు అతని కళ్ళలోకి చూసింది. "భయం పోలేదు. మీరు ఇంకా ఉన్నారు, నా ముందర నిలబడి కోపం చేస్తున్నారు. నాకు ఇది చాలు."

"నాకు చెప్పి ఉంటే నేనే నీ చేతిలో పెట్టేసి ఉందును."

"ఇప్పుడు చెప్తున్నారు. అప్పుడు నాకెట్ల తెలుసు?"

ఆ సాయంత్రం అభిరామి ఫోన్ చేసి ఏడ్చింది. "సరిమ్మా, సరి," అన్నాడు. తనని ప్రేమించేవాళ్ళే తనకి తెలియకుండా, వెనకగదిలో, తన చావుని ఊహించుకుని కూర్చున్నారు. తనే అనుకోని చావు అది. దాన్ని తన ముఖంమీద చదువుకుని, దానికి బోల్టులు బిగించారు. ఇంట్లో ఎటు చూసినా ఆ ఊహ వాడిన సామానులా కనిపించింది.

రెండు రోజుల తర్వాత పంకజాన్ని పెట్టె తెరవమన్నాడు. తుపాకిని చివరిసారి తుడిచాడు. సంచిలో పెట్టుకుని, లైసెన్సు తీసుకుని, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు.

"ఎలక్షన్లప్పుడు గదా తుపాకులు తెచ్చి ఇచ్చేది సార్, ఇప్పుడెందుకు అప్పగిస్తున్నారు?" అన్నాడు రైటర్. "కొత్త పెట్టె కొన్నారని విన్నానే, నిప్పుకి కూడా కాలదంట?"

"మా ఇంట్లోవాళ్ళు దాంట్లో నగలు పెట్టుకున్నారు పా. దీనికి చోటు లేదు."

రైటర్ పెద్దగా నవ్వి రసీదు ఇచ్చాడు. రసీదు జేబులో పెట్టుకుని బయటికి వచ్చాక, రామలింగకి తేలికగా ఉంటుందనుకున్న చోట తేలికగా లేదు. కానీ ఒకటి మాత్రం అనుకున్నాడు. ఇక చూడటానికి ఏమీ లేదు, ఇక తనకి ఎవరి కాపలా అక్కర్లేదు.

ఆ సాయంత్రం తోపుకి బయల్దేరుతుంటే పంకజం గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా.

"నేనూ వస్తాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో కాయ కోతకి తప్ప ఆమె తోపుకి వచ్చింది లేదు. అతను రమ్మనలేదు, వద్దనలేదు. ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు. ఆమె వెనక ఎక్కింది. కొండలమీద మబ్బు దిగి, ఆకులు నల్లబడుతున్నాయి. ఎక్కడో వాన పడిన మట్టివాసన.

తోపులో ఆమె బండమీద కూర్చుని డబ్బా మూత తీయబోయింది.

"ఉండు. మోటారు వేసి వస్తాను," అని రామలింగ బావివైపు నడిచాడు. ఎండుటాకులు కాళ్ళకింద చిట్లుతున్నాయి. నాలుగడుగులు వేసేసరికి, వెనక ఇంకొకరి కాళ్ళకింద కూడా ఆకులు చిట్లడం వినిపించింది. అతను ఆగాడు. అదీ ఆగింది.

తిరిగి చూడలేదు. బావి గట్టుకి దూరంగా, మోటారు గదివైపు మలుపు తిరిగి, ఆమెకి కనబడేటట్టుగానే నడిచాడు.