స్కీ పందేల పిల్ల మోకాలు

రియాద్‌లో, మలాజ్‌లోని మా క్లినిక్‌కి ఒకరోజు స్కీ పందేల అమ్మాయి వచ్చింది. ఈ ఎడారిలో మంచు పందేలేమిటని నవ్వబోయి, వాచిన ఆ మోకాలు చూసి ఊరుకున్నాను. చలికాలమంతా యూరప్ కొండల మీద, మిగతా రోజుల్లో ఇక్కడి మాల్‌లో మంచు వాలు మీద సాధన చేసే సౌదీ పిల్ల. కిందటి సీజన్ పోటీలో, దారికి గుర్తుగా పాతే గేటు కర్రకు తగులుకుని పడి, లిగమెంటు తెగింది. ఆపరేషనయ్యాక ఆ కాలిని దారికి తెచ్చే పని ఫిజియోథెరపిస్టునైన నా మీద పడింది.

మాట వింటేనా! మెల్లగా మెట్లు దిగమంటే దూకేది. కోపమొస్తే నాకు ఇంగ్లీషు రాదు, తెలుగే వస్తుంది. "ఆగవే తల్లీ, నీకో దణ్ణం!" అని అరిచేదాన్ని. అర్థం కాకపోయినా పకపకా నవ్వి ఆగేది. నెలలు గడిచేసరికి ఆ పిల్లంటే నాకు ప్రాణమైపోయింది.

వాళ్లమ్మ ఎప్పుడూ మూల కుర్చీలో కూర్చునేది. చివరి పరీక్ష రోజు, కూతురు బట్టలు మార్చుకోవడానికి వెళ్లగానే నా చెయ్యి పట్టుకుంది.

"దక్తోరా, ఇంకా నయం కాలేదని రాసెయ్యి. దాన్ని స్ట్రెచర్ మీద చూసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు," అంది అరబిక్‌లో.

నా రిపోర్టు చూసే టీమువాళ్లు ఆ పిల్లను మళ్లీ పందేలకు పంపుతారు, లేదా ఆటే మాన్పించేస్తారు. ఆ తల్లి చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. అయినా, "అబద్ధం రాయలేనమ్మా. మీరే దగ్గరుండి చూడండి," అన్నాను, కాస్త కటువుగానే.

పరీక్షంటే ఒంటికాలి మీద గెంతడం. ముందు మంచి కాలితో, తర్వాత ఆపరేషనైన కాలితో; రెండూ సమానంగా పోతే నయమైనట్టే. తల్లి కుర్చీలోంచి లేచి నిలబడింది. బట్టలు మార్చుకొచ్చిన పిల్ల గెంతి, మంచి కాలు ఎంత దూరం పోయిందో ఈ కాలితోనూ అంత దూరం పోయి, తూలకుండా నిలబడింది. నేను ఉండబట్టలేక చప్పట్లు కొట్టి, "అబ్బ, ఏం కాలే నీది! ఉక్కు!" అని తెలుగులో కేకేసి, అదే మాట అరబిక్‌లోనూ అన్నాను.

తల్లి గయ్యిమంది.

"మాషాల్లా అనకుండా పొగుడుతావా? నా బిడ్డకు దిష్టి తగలదూ?"

మా పిల్లలకు ఉప్పు దిగదుడిచి పడేసే నాకు ఆ భయం తెలియదా? సిగ్గేసింది. అంతా దేవుడి దయేనన్నట్టు "మాషాల్లా, మాషాల్లా," అన్నాను.

ఆమెకు అది చాలలేదు. నేల మీద చతికిలబడి, కూతురి మోకాలి మీద అరచెయ్యి పెట్టి, ఏదో చదివి ఉఫ్‌మని ఊదింది. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అక్కడ చలి ఎక్కువట. ఈ మోకాలికి వెచ్చగా ఏం తొడగాలో అది కూడా రాయి," అంది.