ఈసీజీ పెట్టె పలకని ఉదయం

మధురవాడలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను అప్పుడు. డాక్టరుగారు పదింటికి వచ్చేవారు. పరగడుపున రక్తపరీక్షలకు వచ్చేవాళ్ల కోసం నేను ఏడున్నరకే తాళం తీసేదాన్ని. మా ఈసీజీ యంత్రం అరచేతిలో పట్టేంత పెట్టె. దాన్ని కంప్యూటర్‌కి తగిలిస్తే గుండె గీతలు తెరమీద కనిపిస్తాయి.

ఒకరోజు ఎనిమిది దాటాక ఆనందపురం నుంచి ఒక జంట వచ్చింది. ఆయన ఆటో డ్రైవరు, యాభై దాటి ఉంటాయి. తన ఆటో తనే నడుపుకుంటూ వచ్చాడు. కుర్చీలో కూర్చుని అరచేత్తో ఛాతీ రాసుకుంటున్నాడు.

“గ్యాసేనమ్మా. ఇది ఊరికే కంగారు పడతంది,” అన్నాడు భార్యని చూపిస్తూ.

“తెల్లారగట్ల నుంచి సెమట్లు పోత్తన్నాయి. గ్యాసంటే నాను నమ్మను. ముందు ఆ గుండె పరీక్ష సెయ్యి తల్లీ,” అందామె.

ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి తీగలు అంటించాను. గీతలు రాలేదు. పరికరం దొరకలేదని తెరమీద ఒక్క వాక్యం. కేబుల్ పీకి మళ్లీ గుచ్చాను. పక్క కన్నంలో గుచ్చాను. అదే వాక్యం.

కంప్యూటర్‌కి తగిలించినవన్నీ చూపించే డివైస్ మేనేజర్ తెరిచాను. ఈసీజీ పెట్టె పేరు పక్కన పసుపుపచ్చ హెచ్చరిక త్రికోణం. ముందురోజు సాయంత్రం ఆపేటప్పుడు కంప్యూటర్ ఏదో అప్‌డేట్ వేసుకుంది. పాత డ్రైవర్ తీసేసి తనకు తోచింది పెట్టుకున్నట్టుంది.

“ఏటయింది?” అందామె.

“డ్రైవర్ పోయింది పిన్నీ.”

“డ్రైవర్ని నానిక్కడే ఉన్నాను కదమ్మా,” అని ఆయన నవ్వబోయి సగంలో ఆగిపోయాడు.

పెట్టె చెప్పేది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారని చెబుతూ, పాతదానికి వెనక్కి తిప్పే బటన్ కోసం వెతికాను. ఉంది గానీ మసకబారి ఉంది. నొక్కుడు పడలేదు.

యంత్రంతో వచ్చిన సీడీని ఎప్పుడో ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాను. సొరుగులన్నీ లాగితే దూది పొట్లాల కింద దొరికింది. కొత్త డ్రైవర్ తీసేసి పాతది ఎక్కించాను. ఆ కాసేపూ నాకు తెర తప్ప ఇంకేమీ కనబడలేదు. చివరికి కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యమంది. వేశాను. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. అప్‌డేట్ పూర్తవుతోందట, ఆపకూడదట. ముప్పై శాతం.

చూడ్డానికి తెరమీద ఏమీ లేకపోయేసరికి ఆయన వైపు తిరిగాను. ముఖం పాలిపోయింది. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎడమచేత్తో దవడ పట్టుకుని ఉన్నాడు.

“బాబాయ్, అక్కడ కూడా నొప్పా?”

తలూపాడు.

గోడ గడియారం చూస్తే వాళ్లొచ్చి పావుగంట దాటింది. డాక్టరుగారికి ఫోన్ చేశాను.

“మిషన్ కోసం ఆగావా? మనిషిని చూస్తే తెలియట్లేదా? వెంటనే హాస్పిటల్‌కి పంపు. ఒక్క అడుగు కూడా నడవనివ్వకు,” అని అరిచారాయన.

షుగర్ టెస్టుకి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బయట ఫోన్ చూసుకుంటున్నాడు. “సార్, కారుందా?” అన్నాను. నా ముఖం చూసి ఇంకో మాట అడగకుండా లేచాడు. తీగలు పీకేసి, ముగ్గురం కలిసి ఆయన్ని చక్రాల కుర్చీలోకి, అందులోంచి కారులోకి చేర్చాం. ఆసుపత్రి రెండు కిలోమీటర్లు. కారు హైవే మీదకి తిరిగేదాకా గుమ్మంలోనే ఉన్నాను.

లోపలికి వచ్చేసరికి కంప్యూటర్ లేచి ఉంది. త్రికోణం లేదు. ఈసీజీ ప్రోగ్రాము తెరిస్తే, బల్లమీద పడున్న తీగల నుంచి గీతలు పిచ్చిగా ఊగుతున్నాయి. దాన్ని మూసేసి ఏడ్చాను.

గుండెకి వెళ్లే రక్తనాళం మూసుకుపోయిందనీ, తెరిచి స్టెంట్ వేశారనీ, ప్రాణానికి భయం లేదనీ మధ్యాహ్నం డాక్టరుగారు చెప్పారు. ఆ సాయంత్రమే డ్రైవర్లు వాటంతటవి మారకుండా సెట్టింగ్ మార్చాను. మిషన్ పనిచేయకపోతే ఛాతీనొప్పి పేషెంటుని ఒక్క నిమిషం కూడా ఆపకూడదని పెద్దక్షరాలతో రాసి కంప్యూటర్ పైన గోడకి అంటించాను.

పదిరోజుల తర్వాత, మా గుమ్మం ముందే ఉండిపోయిన ఆటో తీసుకెళ్లడానికి ఆమె తమ్ముణ్ని వెంటపెట్టుకుని వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, “నీ దయ తల్లీ,” అంది. భరించలేకపోయాను.

“నా వల్ల పావుగంట పోయింది పిన్నీ. చూడగానే పంపించాల్సింది. ఆ పెట్టె బాగుచెయ్యాలనే పట్టుదలలో పడిపోయాను.”

ఆమె నా చెయ్యి వదల్లేదు. “నాలుగ్గంటలకే లేపి నొప్పన్నాడు. తెల్లారనీ, సూద్దాం అన్నాను నాను. పాలు కాసి, వంట సేసి, అప్పుడు బయల్దేరాం. నీది పావుగంటయితే నాది నాలుగ్గంటలమ్మా. ఆ ఆలస్యం ఎంత ముప్పో ఆయనకి ఇప్పటికీ సెప్పలేదు.”

తమ్ముడు ఆటో స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. “వత్తన్నాను, ఉండు,” అని కేకేసింది గానీ, ఇంకా చాలాసేపు అక్కడే ఉంది.