పదిహేనేళ్ల కుర్చీ

పోయినేడు అక్టోబరులో మా చాక్లెట్ ఫ్యాక్టరీ, మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే హెర్మీనియాకి పదిహేనేళ్ల సర్వీసు పూర్తి చేసినందుకు ఒక ఊగే కుర్చీ బహూకరించింది. ఆవిడ ఆ ఫ్యాక్టరీలో ఒక్కరోజు కూడా ఉద్యోగి కాదన్న సంగతి చప్పట్లు అయిపోయి, కేకు ముక్కలు పంచేశాక తెలిసింది.

కేకు ఎలాగూ వెనక్కి రాదు. కుర్చీ సంగతి వేరు.

నిజానికి ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మాది ఉడత గుర్తు చాక్లెట్లు. మా అరోరా ఊళ్లో ఉడత బొమ్మ లేని క్రిస్మస్ డబ్బా ఏ ఇంట్లోనూ ఉండదు. పదిహేనేళ్లు పనిచేసినవాళ్లకి ఏటా అక్టోబరులో, వీపు దగ్గర ఉడత చెక్కిన మేపుల్ చెక్క కుర్చీ ఇవ్వడం ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన కాలం నుంచీ వస్తున్న ఆచారం. మా చిన్నాన్న తీసుకున్న ఏడాది ఆరుగురు తీసుకున్నారు. తర్వాత్తర్వాత ముగ్గురయ్యారు, తర్వాత ఒక్కరు. పర్మనెంటువాళ్లు ఒక్కొక్కరూ రిటైరయిపోతుంటే, ఆ చోట రోజుకూలికి మనుషుల్ని పంపే ఏజెన్సీ తెచ్చినవాళ్లని నిలబెడుతూ వచ్చారు. ఏజెన్సీవాళ్లకి సర్వీసు అనేది ఉండదు. ఉండేది రేపు మాత్రమే, అదీ పొద్దున పేరు పిలిస్తే.

పోయినేడు ఆఫీసు లెక్క ప్రకారం కుర్చీకి అర్హులెవరూ లేరు. కానీ మా కొత్త మేనేజరు మిస్టర్ ప్రూయిట్ అప్పటికే కుర్చీ చేయించేశాడు. ఇండియానా రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి. తాడిచెట్టంత పొడుగు, పసిపిల్లాడంత నమ్మకం. దారిలో ఎదురైతే మిషన్లకి కూడా గుడ్ మార్నింగ్ చెప్పేరకం.

"ఇంత పెద్ద ఫ్యాక్టరీలో పదిహేనేళ్ల మనిషి ఒక్కరూ లేకపోవడం ఏమిటి? ఆఫీసు వాళ్లే ఎక్కడో పొరబడి ఉంటారు," అనుకున్నాడు పాపం. తిన్నగా మా భోజనాల గదికి వచ్చి, "మీ అందరిలోకీ పాతవాళ్లు ఎవరు?" అని అడిగాడు.

అందరి నోట్లోనూ ముద్ద ఉంది. చేతుల్లో టాకోలతోనే అందరమూ హెర్మీనియా వైపు చూపించాం.

ఆవిడ నీలం కోటులో ఉంది. అసలు చిక్కంతా ఆ కోటుతోనే. మా దగ్గర పర్మనెంటువాళ్లకి చేతుల్లేని నీలం కోటు, ఏజెన్సీవాళ్లకి నారింజ కోటు. అల్లంత దూరం నుంచే తెలియాలని ఆ ఏర్పాటు. అయితే కొత్తగా చేరిన పర్మనెంటువాళ్లకి పని నేర్పేది హెర్మీనియా. నారింజ కోటు మనిషి చెబితే నీలం కోటు వాళ్లు వినేవారు కాదు. అందుకని పాత మేనేజరు ఎప్పుడో ఆవిడకి ఒక నీలం కోటు తగిలించి, "ఇక వింటారులే" అన్నాడు. నిజంగానే విన్నారు. విన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు సూపర్వైజర్లయ్యారు. ఆవిడ కోటు మాత్రం నీలంగానే ఉంది, మనిషి నారింజగానే ఉంది.

హెర్మీనియా మొదట వచ్చింది ప్రేమికుల దినం రద్దీకి, రెండు వారాల పనికి. రద్దీ అయిపోయింది. ఆవిడ అయిపోలేదు. కాకపోతే ఒక మనిషిని ఎక్కువకాలం వరసగా ఉంచితే పర్మనెంటు చేయమని అడుగుతుందని ఏజెన్సీకి భయం. అందుకని అప్పుడప్పుడు "పని ముగిసింది" అని ఇంటికి పంపేవారు. ఆవిడ వారంపాటు మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి తమాలెలు వండుకుని, మనవరాళ్లకి జడలు వేసి, మళ్లీ సరికొత్త మనిషిగా వచ్చేది. కొత్త మనుషులెవరొచ్చినా ముందు జాగ్రత్తల సినిమా చూడాలి. బెల్టులో వేలు పెట్టకూడదు, జుట్టుకి వల కట్టుకోవాలి, అదీ వరస. ఆ సినిమాలో వేలు పెట్టకూడదని వేలు చూపించి చెప్పేది హెర్మీనియాయే. పాత మేనేజరు ఆవిడతోనే తీయించాడు. ప్రతిసారీ ఆవిడ చీకటిగదిలో కూర్చుని, తను చెప్పేది తనే శ్రద్ధగా విని, అర్థమైందని సంతకం పెట్టి వచ్చేది.

"ఎలా ఉంది దోన్యా సినిమా?" అని అడిగేదాన్ని.

"నాకంటే ఆవిడే బాగుంది ఎల్వీరా. మోకాళ్ల నొప్పుల్లేవు."

ఆ మోకాలే ఆవిడ బాధ. రోజంతా సిమెంటు నేల మీద నిలబడీ నిలబడీ కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేసి మార్చాలన్నారు. పర్మనెంటువాళ్లకి ఫ్యాక్టరీ ఇన్సూరెన్సు ఉంది. ఏజెన్సీవాళ్లకి ఐసు గడ్డల సంచి ఉంది. అందుకని ఏటా ఒకసారి ఆఫీసుకి వెళ్లి, పర్మనెంటు చేయండి అని అడిగేది. "అమ్మా, మీరు మా మనిషి కాదు కదా, ఏజెన్సీని అడగండి," అనేవారు. ఏజెన్సీని అడిగితే, "మాదేముందమ్మా, వాళ్లు తీసుకుంటామంటే కదా," అనేవారు. ఈ ఇద్దరి గుమ్మాల మధ్యా తిరగడంలోనే ఆ మోకాలు సగం అరిగిందని నా అనుమానం.

అలాంటి మనిషిని మిస్టర్ ప్రూయిట్ అందరి ముందూ పిలిచి, ఉడత కింద "హెర్మీనియా, పదిహేనేళ్ల విశ్వాసానికి" అని చెక్కించిన కుర్చీలో కూర్చోబెట్టి, ఫొటో తీయించాడు. ఆవిడ రెండుసార్లు ఊగి చూసి, బాగుందన్నట్టు తలూపింది.

"కాదని ఒక్క మాట చెప్పకపోయావా దోన్యా?" అన్నాను చెవిలో.

"పిలిచింది ఆయన, చప్పట్లు కొట్టింది మీరు. కాదనడానికి నేనెవర్ని? నేనిక్కడి మనిషినే కాదుగా," అంది కేకు తింటూ.

మధ్యాహ్నానికి ఆఫీసులో గుట్టు బయటపడింది. కుర్చీ ఇచ్చామంటే మా ఉద్యోగి అని ఒప్పుకున్నట్టేనని కంపెనీ వకీలు ఫోన్లో అరిచాడట. మిస్టర్ ప్రూయిట్ చెవులు ఎర్రబడి వచ్చాడు.

"హెర్మీనియా గారూ, చాలా పొరపాటైంది. ఆ కుర్చీ ఇక్కడే వదిలి వెళ్లాలి."

"అలాగే సార్. కానీ నేను ఏజెన్సీ మనిషిని. నాకు మీరు తిన్నగా ఏదీ చెప్పకూడదట. ఏజెన్సీకి చెప్పండి, వాళ్లు నాకు చెబుతారు."

హాజరు కార్డులు కొట్టే పంచింగు గడియారం పక్కన చిన్న బల్ల వేసుకుని ఏజెన్సీ తరఫున కూర్చునేది యెసేనియా. పొద్దున పేర్లు పిలిచేది ఆ పిల్లే. చర్చిలో ఆ పిల్లకి జ్ఞానతల్లి మా హెర్మీనియా. అందుకని "మద్రీనా" అని పిలుస్తుంది. మిస్టర్ ప్రూయిట్ వెళ్లి అడిగితే, పిల్ల వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని, "కుర్చీ మేమిచ్చింది కాదు సార్. మీరిచ్చిన వస్తువు మీరే తీసుకోవాలి. మాకేమీ సంబంధం లేదట," అంది. ఆయన మళ్లీ హెర్మీనియా దగ్గరికి వచ్చాడు. హెర్మీనియా మళ్లీ ఏజెన్సీ వైపు చెయ్యి చూపించింది. ఆ దారి ఎంత పొడుగో పాపం ఆయనకి ఆరోజే తెలిసింది. ఆయన మూడోసారి తిరుగుతుండగా షిఫ్టు గంట మోగింది. నలుగురం కుర్చీకి తలో కాలూ పట్టుకుని వ్యాను దాకా మోశాం.

ఏజెన్సీవాళ్లని ఇళ్ల నుంచి తెచ్చి దింపే వ్యాను దోన్ కిరినోది. మనిషికింత అని వసూలు చేస్తాడు. కుర్చీని చూసి, "దీనిక్కూడా ఇవ్వాలి, రెండు సీట్లు మింగేసింది," అన్నాడు.

"నేను నారింజ రంగుదాన్ని, నా టిక్కెట్టు నేనిస్తా. అది పర్మనెంటు కిరినో. దాని టిక్కెట్టు వెళ్లి ఫ్యాక్టరీని అడుగు," అంది హెర్మీనియా. వ్యాను ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉందట.

మర్నాడు పొద్దున యెసేనియా పేర్లు పిలిచింది. హెర్మీనియా పేరు పిలవలేదు.

"మా పెద్దవాళ్లు ఆపమన్నారు మద్రీనా," అంది తల దించుకుని. "కుర్చీ తెచ్చి ఇచ్చేస్తే రేపటి నుంచి పిలవమన్నారు. ఇవ్వకపోతే ఇక ఎప్పటికీ వద్దన్నారు. ఇచ్చేయండి మద్రీనా. చెక్కే కదా."

హెర్మీనియా ఒకసారి మోకాలు నిమురుకుంది. నీలం కోటు విప్పి, మడతపెట్టి, పిల్ల బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆరోజు మా లైన్లో ఎవరూ పాటలు పెట్టలేదు.

కుర్చీ ఇవ్వలేదు. పోనీ ఇచ్చెయ్యరాదా అని నేనే సాయంత్రం వాళ్లింటికి వెళ్లి నచ్చజెప్పబోయాను.

"పదిహేనేళ్లూ నేనక్కడ ఉన్నానని చెప్పే వస్తువు ఇదొక్కటే కదా ఎల్వీరా," అంది.

ఆదివారం ఊరి పేపరు వచ్చింది. అందులో కుర్చీ, కుర్చీలో హెర్మీనియా, వెనక పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ మిస్టర్ ప్రూయిట్. "మా ఉడత కుటుంబంలో పదిహేనేళ్లు" అని కింద పెద్ద అక్షరాలు. కేకు కొయ్యకముందే, ఆ సంబరంలో, ఫొటోని పేపరుకి పంపించింది ఆయనే. తర్వాత గొడవలో ఆ మాటే మరిచిపోయాడు. చర్చిలో పాదిరీగారు పూజ చివర పేపరెత్తి చూపించి, హెర్మీనియాని నిలబడమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే కూర్చున్న యెసేనియా కూడా కొట్టింది, చేతులు చప్పుడు కాకుండా.

అంతటితో పోతే బాగుండేది మిస్టర్ ప్రూయిట్‌కి. మా యజమాని తల్లి తొంభై దాటిన మనిషి. తన ఈడువాళ్లలో ఎవరు పోయారో చూసుకోవడానికి రోజూ పేపరు చదువుతుంది. ఆరోజు ఈ ఫొటో చూసి మిస్టర్ ప్రూయిట్ ఇంటికే ఫోన్ చేసింది. "ఆ కుర్చీలు మా ఆయన మొదలుపెట్టినవి నాయనా. ఇంకా ఇస్తున్నారంటే ప్రాణం లేచొచ్చింది. వచ్చే ఆదివారం ఆ అమ్మాయిని మా ఇంటికి భోజనానికి తీసుకురా. ఫ్యాక్టరీ కబుర్లు వినాలి."

ఆ అమ్మాయిని ఆ కుర్చీ కోసమే మాన్పించారని ముసలావిడకి ఎవరు చెప్పగలరు? పైగా భోజనానికి వెళ్లేది హెర్మీనియా. ఫ్యాక్టరీ కబుర్లంటే ఆవిడ దగ్గర చాలానే ఉన్నాయి.

సోమవారం సాయంత్రం తీపి రొట్టెల సంచి పట్టుకుని మిస్టర్ ప్రూయిట్ హెర్మీనియా ఇంటికి వచ్చాడు. నేను వంటింట్లో తమాలెలకి మొక్కజొన్న పొత్తుల ఆకులు తడిపి ఆరేస్తున్నాను, అందుకని అన్నీ వినపడ్డాయి. హెర్మీనియా ఆయన్ని పట్టుబట్టి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టింది. పొడుగు మనిషి. ఊగినప్పుడల్లా మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"కుర్చీ సంగతి..." అని మొదలుపెట్టాడు.

"దాల్చినచెక్క కాఫీ తాగుతారా సార్?"

"తాగుతాను. కుర్చీ సంగతి..."

"సార్, నాకు కావలసింది కుర్చీ కాదు. మోకాలు. అది మీ ఇన్సూరెన్సులో ఉంది."

ఆయన ఊగడం ఆపేశాడు. మంచి మనిషే పాపం.

"ఏజెన్సీ నుంచి మిమ్మల్ని తీసుకోవాలంటే మేం వాళ్లకి డబ్బు కట్టాలి. మనిషిని ఇన్నాళ్లు పెంచినందుకట," అన్నాడు.

"నన్ను వాళ్లెక్కడ పెంచారు? పేరు పిలిచారంతే. కట్టండి సార్, ఆదివారం భోజనంలో మీ గురించి మంచిగా చెబుతాను."

శుక్రవారంలోపే కట్టారు. ముసలావిడ భోజనం ఎంత వేగంగా పని చేసిందో, పదిహేనేళ్ల అర్జీలు అంత వేగంగా చెయ్యలేదు. యెసేనియా తన బల్ల సొరుగులో దాచిన నీలం కోటు తీసి ఇచ్చి, "ఉతికి ఉంచాను మద్రీనా," అంది. హెర్మీనియా దాన్ని తొడుక్కుని, కొత్త ఉద్యోగి కాబట్టి చీకటిగదికి వెళ్లి సినిమా చూసి, తను చెప్పింది తనకి అర్థమైందని సంతకం పెట్టి, లైన్లోకి వచ్చింది.

మిగతా నారింజ కోట్లన్నీ నారింజగానే ఉన్నాయి. పొరపాట్లు రోజూ జరగవు. మళ్లీ జరగకుండా ఆఫీసు జాగ్రత్త పడింది కూడా. ఈ ఏడు నుంచి వడ్రంగికి కబురు పెట్టడమే మానేశారు.

మూడు నెలల పరీక్షాకాలం గడిచాక ఇన్సూరెన్సు వచ్చింది, ఇన్సూరెన్సు వెనక మోకాలూ వచ్చింది. ఆపరేషన్ అయిన రెండో వారం నేను ఎర్ర చిక్కుళ్ల చారు తీసుకుని వెళితే, కాలికి పెద్ద కట్టుతో కుర్చీలో ఊగుతోంది. నా వెనకే మిస్టర్ ప్రూయిట్ పూలగుత్తితో వచ్చాడు. ముఖం చూస్తే పూలొక్కటే తెచ్చినట్టు లేదు.

"ఎలా ఉంది హెర్మీనియా గారూ?"

"మడత పడుతోంది సార్. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. ఉన్న మంచి కుర్చీలో ఆవిడే ఉంది. పూలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అసలు నేను ఈ మాట అడగకూడదు. కానీ ఆఫీసువాళ్లు రోజూ నా ప్రాణం తీస్తున్నారు. మీరు చేరింది మొన్న నవంబరులో. ఇది పదిహేనేళ్లు నిండినవాళ్ల కుర్చీ. ఇప్పుడు మీరు మా ఉద్యోగే కాబట్టి, రూలు ప్రకారం మీకు ఇంకా రాలేదు, తిరిగి ఇచ్చేయాలంటున్నారు."

హెర్మీనియా కట్టు కట్టిన కాలు జాగ్రత్తగా ముందుకు చాపుకుని, ఒకసారి వెనక్కి ఊగి, అంది:

"సరే సార్, ఆ పదిహేనేళ్లు నిండేదాకా ఇందులోనే కూర్చుని ఎదురు చూస్తుంటానని చెప్పండి."