పుప్పాలగూడ చెలకలో నేను పెట్టించిన మంద

గొర్రెలు పంటను మేసి పాడుచేయడం మీరు చూసే ఉంటారు. గొర్రెలు పంటను బాగుచేసి ముప్పై కుటుంబాల కొంప ముంచడం నేను చూశాను. చూడటమేమిటి, దగ్గరుండి నేనే చేయించాను. మొన్న మా ఆఫీసులో ఒకాయన ‘పుప్పాలగూడ రైతు మోసం’ అంటూ ఆ సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు. పాతికేళ్ళుగా ఆ కథ అలాగే తిరుగుతోంది. కథంతా నిజమే, మోసగాడి పేరొక్కటే తప్పు. అది సరిదిద్దడానికే ఈ రాత.

నలభైల చివరి రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. వ్యవసాయ శాఖలో కొత్త ఉద్యోగం, ఒక పాత సైకిలు, లోకంలో ఎవరికీ లేనంత తెలివి. తెలివి సంగతి నాకొక్కడికే తెలుసనుకోండి. జొన్నగింజకు కటకటగా ఉన్న కాలం. చెరువుల్లో పేరుకున్న పూడిక మట్టిని తీసి, వాన మీదే ఆధారపడ్డ ఎర్ర చెలకల్లో వేస్తే పంట ఎంత పెరుగుతుందో తేల్చాలని శాఖవాళ్ళు ఒక పరిశోధన మొదలుపెట్టారు. పుప్పాలగూడలో పోచయ్య అనే రైతు తన రెండెకరాల చెలక ఇచ్చాడు. ఒక ఎకరంలో చెరువు మట్టి వేయాలి. రెండో ఎకరంలో ఏమీ వేయకూడదు, చారెడు పెంట కూడా. తేడా రెండేళ్ళు వరసగా కనిపిస్తే పరిశోధనకు పెద్ద మొత్తం మంజూరవుతుంది. ఆ డబ్బుతో, బండ్లు లేని ముప్పై కుటుంబాల చెలకలకు మట్టి తోలిస్తారు. ఊరి ఆశంతా ఆ రెండెకరాల మీదే.

మొదటి ఏడు తేడా బ్రహ్మాండంగా కనిపించింది. మట్టి వేసిన వైపు జొన్న నా తలను దాటింది. వేయని వైపు జొన్న నెలరోజులు జ్వరం పడి లేచినట్టుంది. పరిశోధన అంటే అదే కదా, సంతోషించాలి. కానీ ఆ ఎండిన ఎకరం మణికొండ బాట పక్కనే ఉంది. పోయేవాళ్ళు ఊరుకుంటారా?

“ఏంది సారూ, సర్కారు జొన్న గిట్లయింది? దానికి జీతం ముట్టలేదా?”

“చదువుకున్నోళ్ళ ఎవుసం గట్లనే ఉంటది తీ.”

పోచయ్య భార్య సాయమ్మ కూడా తక్కువ తినలేదు. “సారూ, నువ్వు రోజూ గా దిక్కే నిలబడుతున్నవు. నిన్ను చూసే ఎండుతున్నదేమో, జర ఇవతలికి రా.”

మరుసటి వేసవిలో కబురొచ్చింది. ఈసారి పంట చూడటానికి పెద్ద ఆఫీసరే వస్తారట. ఆ జ్వరపు జొన్న ఆయన కళ్ళబడితే నా గతేమిటి? ‘ఒరే అయ్యా, అది ఎండాల్సిన ఎకరమే కదా’ అని మీరంటారు. నాకూ తెలుసు. ‘ఏమీ వేయరాదు’ అన్న ఆదేశాన్ని నా చేత్తో నేనే రెండుసార్లు ఎత్తి రాశాను. అయినా నగుబాటు భయం ముందు చదువు నిలబడలేదు.

మా వైపు ఎండాకాలం చేలల్లో గొర్ల మంద పెట్టిస్తారు. మంద వారం రోజులు ఒకచోట పడుకుంటే ఆ నేలకు వేరే ఎరువు అక్కర్లేదు. నేను కాపరి మల్లయ్యను పిలిపించాను.

పోచయ్య తల గోక్కున్నాడు. “దీంట్ల ఏం వెయ్యొద్దని నువ్వే అంటివి గద సారూ.”

“మనం వెయ్యట్లేదు మామా. గొర్రెలు పడుకుంటయి, అంతే.”

“పండుకున్న గొర్రె ఊకుంటదా?”

“కొంచెం పచ్చగ కనిపిస్తే చాలు. పెద్దాయన ముందు మరీ అంత దీనంగ ఉంటే ఎట్ల?”

“నీకే ఎరుక. చదువుకున్నోనివి” అన్నాడు పోచయ్య.

‘కొంచెం’ అన్న నా కొలత గొర్రెలకు ఎవరు చెప్పాలి?

కోతల ముందు ఆఫీసరు జీపులో వచ్చారు. కోస్తా మనిషి, మెత్తటి మాట. గట్టు మీద ముప్పై కుటుంబాలూ నిలబడ్డాయి.

“మట్టి వేసింది ఏ వైపండీ?”

“ఎడమవైపు సార్.”

“మరి కుడివైపు?”

“ఏమీ వేయలేదు సార్.”

కుడివైపు జొన్న ఎడమదానికంటే జానెడు ఎత్తుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. జొన్న తగ్గలేదు.

“అంటే ఏమీ వేయకపోతేనే బాగా పండుతోందన్నమాట. మరి డబ్బెందుకండీ, మట్టి తోలకుండా ఉండటానికా?”

గట్టు మీద ఒకడు నవ్వాడు. విషయం అర్థమై మధ్యలోనే ఆపేశాడు. ఆఫీసరు వంగి, నాగలి తగలని మూల నుంచి ఏదో ఏరి అరచేతిలో పెట్టి చూపించారు. ఎండిన గొర్రె పెంటిక.

“ఇదేంటండీ?”

గొర్రె అన్న మాటే మరిచిపోయాను.

“నేనే మంద పెట్టిచ్చిన దొరా” అన్నాడు వెనక నుంచి పోచయ్య. “సారుకు తెల్వదు. నేల ఉత్తగ పడుంటె మనసొప్పలే.”

ఆఫీసరు నిట్టూర్చి, పుస్తకంలో ‘రైతు నమ్మదగినవాడు కాడు’ అని రాసుకున్నారు. తర్వాత నా భుజం తట్టారు. “పాపం, కష్టపడ్డారు. ఇలాంటివాళ్ళతో జాగ్రత్తగా ఉండాలండీ.”

నేను తల ఊపాను. ఊపిన మెడ ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

జీపు పోయాక అడిగాను. “ఎందుకట్ల చెప్పినవు మామా?”

“నీ నౌకరి పోతె ఏం జేస్తవు? దున్నుడన్న వస్తదా నీకు?”

“రాదు.”

“నాకొస్తది. ఇగ నడు.”

నిజం ఒప్పుకుంటూ రేపే ఉత్తరం రాద్దామనుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూండగానే మెచ్చుకోలు కాగితంతో పాటు బదిలీ వచ్చింది. మంజూరు ఆగిపోయింది. మట్టి చెరువులోనే ఉంది. “నీ గొర్ల పాపాన మా చెలకలు ఎండినయి” అని ఆ ముప్పై ఇళ్ళవాళ్ళు పోచయ్యను బతికినన్నాళ్ళూ దెప్పారు. ఆయన పోయాడని ఆలస్యంగా తెలిసి, పోయిన నెల సాయమ్మను చూడటానికి వెళ్ళాను.

“నీ పేరు ఎవ్వలికీ చెప్పలే సారూ” అంది. “నువ్వే వచ్చి చెప్తవన్నడు. బాట దిక్కు చూసెటోడు.”

కాబట్టి సకల గొర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా బతుకులో ఎండిన ఎకరాన్ని ఇకమీద ఎండినట్టే చూపిస్తాను. దాని మీద ఒక్క గొర్రెను కూడా పడుకోనివ్వను. ఆఫీసులో ఆ కథ మళ్ళీ చెప్పేవాళ్ళు మోసగాడి చోట నా పేరు పెట్టి చెప్పండి. మొన్న మీరందరూ పోచయ్యను చూసి నవ్వినప్పుడు, మీతో పాటు నేనూ నవ్వాను.