దుర్బీనులో కనకవ్వ

మా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే భద్రంగా చూసుకునే వస్తువు ఒకటుండేది... బాపు ఇత్తడి దుర్బీను. మూడు కాళ్ల మీద నిలబెట్టి భూమి ఎత్తుపల్లాలు కొలిచేది. బాపు సర్కారు సర్వేయరు. జీపు వెనక నేను కుదుపులకు ఎగిరెగిరి పడుతుంటే, దుర్బీను పెట్టె మాత్రం ముందు సీట్లో బాపు ఒళ్లో కూర్చునేది. దాని మీద నాకు కుళ్లు. దాచడమెందుకు!

నిన్న ఫోనులో అచ్చం అలాంటిదే కనిపించింది. పాత సామాన్ల వేలంపాటట. "హాల్లో అలంకరణకు బాగుంటుంది" అని కింద రాశారు. అలంకరణకట! మా బాపు వింటే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.

నాకు ఊహ తెలియకముందే నన్ను కన్న అవ్వ పోయింది. అందుకే బాపు ఎక్కడికి పోతే నేనూ అక్కడికే. ఆసిఫాబాద్‌లో ఆర్నెల్లు, మంథనిలో నాలుగు నెలలు... పుస్తకాలకు వేసిన అట్టలు పాతబడకముందే ఊరు మారేది. ఏ ఊళ్లోనూ నాతో ఆడేవాళ్లు లేరు. దుర్బీను పెట్టి ఎర్రజెండా పాతిన చోట కాలువ వస్తుంది, భూమి పోతుంది... ఊరందరికీ అదే బుగులు. "సర్వే సారు బిడ్డొచ్చిందే" అని పిల్లలు కచ్చకాయలు ఏరుకుని వెళ్లిపోయేవాళ్లు. నేను జెండాలతో మాట్లాడుకునేదాన్ని. నవ్వకండి... నిజంగానే.

హుస్నాబాద్ దగ్గర ఒక ఊళ్లో మాత్రం కనకవ్వ వచ్చింది. నా ఈడుదే. జొన్నచేలో మంచె ఎక్కి ఒడిసెలతో రాళ్లు విసిరి పిట్టలను తోలడం దాని పని. ఒకరోజు తనే మంచె దిగొచ్చి, "అండ్ల ఏం కనవడ్తది? జర నన్ను చూడనియ్యి" అంది. బాపు ఏ కళనున్నాడో, సరేనన్నాడు.

ఆ పాత దుర్బీనులో అన్నీ తలకిందులుగా కనిపించేవి. కనకవ్వ వాళ్ల ఇల్లు, వాకిలి ఊడుస్తున్న వాళ్లవ్వ, కట్టేసిన బర్రె... అన్నీ తలకిందులే. "ఓయవ్వో! మా అవ్వ కింద పడ్తలేదే!" అని నవ్వీ నవ్వీ కూలబడింది. అప్పటి నుంచి రోజూ వచ్చేది. కొంగులో కాల్చిన జొన్నకంకి తెచ్చి సగం విరిచి ఇచ్చేది. నా చిన్నతనమంటే ఆ ఇరవై రోజులే అనిపిస్తుంది ఇప్పటికీ.

తర్వాత ఎర్రజెండా వాళ్ల చేనుకు నీళ్లిచ్చే బాయి దగ్గరికే వచ్చింది.

కనకవ్వ ఏడవలేదు. "మీ బాపుకు చెప్పి కాలువను జర అవుతలికి జరిపియ్యవా?" అంది. "జరిపిస్త" అన్నాను. అన్నానే గానీ బాపును అడిగే ధైర్యమేది? మధ్యాహ్నం బాపు సద్ది తింటుంటే మెల్లగా పోయి దుర్బీను మరలన్నీ తిప్పేశాను. అది ఎటు చూస్తే కాలువ అటే పోతుందనుకున్నాను మరి!

బాపు వచ్చి కన్ను పెట్టగానే తెలిసిపోయింది. పొద్దటి నుంచి చేసిన పనంతా నీళ్లపాలు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పక్కన కూర్చుని, "గిది చూస్తది, గంతే బిడ్డా... భూమి ఎట్లున్నదో నీళ్లు గట్లనే పోతయి. నేను జరుపుమంటే జరుగుతయా?" అన్నాడు. మర్నాడు జెండా మళ్లీ అక్కడే ఉంది.

"నువ్వు మీ బాపుకు చెప్పనేలే" అంది కనకవ్వ. మరలు తిప్పిన సంగతి చెబుదామని నోరు తెరిచేలోపే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత మంచె దిగి నా దగ్గరికి రాలేదు.

ఊరు విడిచే రోజు, దుర్బీనును పెట్టెలో పెట్టేముందు బాపు, "ఒక్కపారి చూస్తవా?" అన్నాడు. ఎటు చూడాలో చెప్పలేదు. అప్పటికే అది మంచె వైపు తిప్పి ఉంది. తలకిందులుగా కనకవ్వ... చెయ్యి కిందికి వేలాడుతోంది. అంటే పైకెత్తిందన్నమాట! గబుక్కున కన్ను తీసి చూశాను. అంత దూరం నా కంటికి ఆనలేదు. మళ్లీ కన్ను పెట్టేసరికి మంచె మీద ఎవరూ లేరు.

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ కాలువ వచ్చిందో రాలేదో కూడా నాకు తెలియదు. వేలంలో దుర్బీనును కొందామని వేలు ఫోను దాకా వెళ్లి ఆగిపోయింది. తెచ్చుకుని అందులోంచి ఎవరిని చూడను?

ఇప్పుడు భూమిని ఫోనులోనే కొలిచేస్తున్నారు. ఇదే ఫోనులో నాకు వందలమంది దోస్తులు... ఒక్కరితో జొన్నకంకి పంచుకున్నది లేదు.

హుస్నాబాద్ దిక్కు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే... చిన్నప్పుడు మంచె మీద పిట్టలు తోలిన కనకవ్వ మీ ఊళ్లో ఉంటే, మరలు తిప్పింది తన కోసమేనని చెప్పండి. ఒక్క మాట అడిగి నాకు రాయండి... ఆ రోజు చెయ్యి ఎత్తింది నాకోసమా, పిట్టలను తోలడానికా?